సూది గుచ్చడం వచ్చింది సరే, ఆపడం వచ్చిందా?

సాఫ్టువేరు వాడికి గుర్రం ఇంజెక్షన్ తో ఏం పనండీ అని మీరడగొచ్చు. మా ఆఫీసులో అందరూ అడిగారు, ఇంటి దగ్గర అమ్మ అయితే ఇంకో నాలుగు ప్రశ్నలు కలిపి మరీ అడిగింది. సంగతేంటంటే, రెండేళ్ళుగా వారాంతాల్లో టెక్సాస్ లో మా ఊరి బయట ఉన్న ఒక గుర్రాలశాలకి వెళ్తున్నాను. మొదట స్వారీ నేర్చుకుందామని వెళ్ళాను. తర్వాత మేత వెయ్యడం, గిట్టలు శుభ్రం చెయ్యడం, రాత్రిపూట ఒకసారి వెళ్ళి చూసి రావడం... అలా అలా అలవాటయిపోయింది. శాలకి దగ్గర్లో ఉండేది నేనూ, ఇంకో ఇద్దరూ. అందుకని మా ముగ్గురికీ నరానికి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పమని యజమానురాలు పశువుల డాక్టరు గారిని అడిగింది. ఆవిడ ఒప్పుకుంది. కానీ నేర్పడానికి మూడు నెలలు తీసుకుంది.

మూడు నెలలా? సూది గుచ్చడానికా? సరిగ్గా ఈ ప్రశ్న గురించే ఈ సోదంతా. నేనిక్కడ చెప్పదలుచుకున్నది ఒక్కటే. గుర్రానికి నరంలోకి మందు ఎక్కించడం నేర్చుకోవడమంటే సూది గుచ్చడం నేర్చుకోవడం కాదు. గుచ్చాక, అనుమానం వస్తే, మందు ఎక్కించకుండా సూది బయటికి తీసెయ్యడం నేర్చుకోవడం. మొదటిది ఒక పూటలో వస్తుంది. రెండోది రావడానికే మూడు నెలలు. రెండోది నేర్పకుండా మొదటిది నేర్పేవాళ్ళు, వాళ్ళెంత అనుభవజ్ఞులైనా సరే, గుర్రానికి మేలు చెయ్యడం లేదని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట. మనం తెలుగులో 'నరానికి ఇంజెక్షన్', 'కండకి ఇంజెక్షన్' అంటాం. రక్తనాళమైనా నరమే, మెదడు నుంచి వచ్చే అసలు నరమైనా నరమే మనకి. గుర్రం మెడ దగ్గరకొచ్చేసరికి ఈ మాట ప్రమాదం, ఎందుకంటే అక్కడ అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. అందుకని ఇక్కడి నుంచి పుస్తకాల మాటలే వాడతాను. గుండెకి రక్తం తెచ్చేది సిర, గుండె నుంచి తీసుకెళ్ళేది ధమని, నరమంటే అచ్చంగా నరమే.

గుర్రం మెడకి రెండు వైపులా, కింది భాగంలో పొడుగ్గా ఒక గాడి కనిపిస్తుంది. అందులో జుగులర్ సిర ఉంటుంది. బొటనవేలితో ఆ గాడిలో నొక్కి పట్టుకుంటే, తల వైపు నుంచి దిగే రక్తం ఆగి, వేలికి పైన సిర తాడులాగా ఉబ్బుతుంది. మనిషి చేతిలో సిర దొరక్క నర్సులు తిప్పలు పడటం చూసినవాళ్ళకి ఇది చూస్తే నవ్వొస్తుంది. అంత లావు! కళ్ళు మూసుకుని గుచ్చినా తగులుతుందనిపిస్తుంది.

తగులుతుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. ఆ సిర వెనకాలే కెరోటిడ్ ధమని ఉంటుంది, అది తిన్నగా మెదడుకి రక్తం తీసుకెళ్ళేది. మెడ పై భాగంలో ఈ రెండిటికీ మధ్య ఓమోహయాయిడ్ అనే కండరం అడ్డుగోడలా ఉంటుంది. మెడ కిందికి వచ్చేకొద్దీ ఆ గోడ ఉండదు. అందుకే సూది ఎప్పుడూ మెడ పై మూడో వంతులోనే పెట్టమంటారు. గోడ ఉన్నంత మాత్రాన సూది దాన్ని దాటదని కాదు. గోడ ఉంది కాబట్టి కాస్త వెసులుబాటు ఉంది, అంతే.

సిరలోకి వెళ్ళాల్సిన మందు ధమనిలోకి వెళ్తే ఏమవుతుంది? సిరలోకి ఎక్కిన మందు ముందు గుండెకి వెళ్ళి, ఊపిరితిత్తుల్లో తిరిగి, ఒంట్లో ఉన్న రక్తమంతటిలో కలిసి పల్చబడి అప్పుడు మెదడు చేరుతుంది. ధమనిలోకి ఎక్కింది ఆ చుట్టు తిరుగుడేమీ లేకుండా, చిక్కగా, కొన్ని సెకన్లలో మెదడుకి వెళ్ళిపోతుంది. మత్తు కోసం ఇచ్చే జైలజీన్ లాంటి మందైతే సిరంజి ఇంకా చేతిలో ఉండగానే గుర్రం వెనక్కి విరుచుకుపడి మూర్ఛ రావచ్చు. 500 కిలోల జంతువు అండీ. పక్కన ఎవరున్నారు, గోడ ఎంత దూరంలో ఉంది అని చూసుకుని పడదు. కొన్ని తేరుకుంటాయి, కొన్ని అక్కడే చచ్చిపోతాయి.

రెండో రకం పొరపాటు ఇంత నాటకీయంగా ఉండదు, అందుకని ఇంకా మోసం చేస్తుంది. సూది సిరలోంచి కొద్దిగా జారి, మందు సిర బయట కండలో పడుతుంది. నొప్పులకీ వాపులకీ ఇచ్చే ఫినైల్ బ్యూటజోన్ ఉంది కదా, గుర్రాల వాళ్ళు 'బ్యూట్' అని ముద్దుగా పిలుచుకునేది, అది బయట పడితే అక్కడి కండా చర్మమూ కుళ్ళి ఊడిపోవచ్చు. అది ఆ నిమిషంలో కనిపించదు, తర్వాత మెల్లగా బయటపడుతుంది. సిర లోపల వాపొచ్చి గడ్డకట్టుకుపోవచ్చు. ఒక వైపు మూసుకుపోతే గుర్రం ఎలాగో నెట్టుకొస్తుంది. రెండు వైపులా మూసుకుపోతే తలలో రక్తం కిందికి దిగక మొహమంతా వాచిపోతుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు. దానికున్నది ముక్కు ఒక్కటే. ముక్కు వాచిపోతే మరి దారేది? పైగా ఆ చుట్టుపక్కలే గొంతుకి వెళ్ళే నరాలు కూడా ఉన్నాయి. వాటికి దెబ్బ తగిలితే గుర్రం పరిగెత్తేటప్పుడు ఊపిరి గురక పెట్టినట్టు శబ్దం రావచ్చు. అలాంటి గుర్రం పందేనికి పనికిరాకుండా పోవచ్చు.

సరే, అసలు నేర్చుకోవడం సంగతికొస్తాను.

మొదటి నెలంతా మా డాక్టరు గారు చేతికి సూదే ఇవ్వలేదు. శాలకి వెళ్ళినప్పుడల్లా గుర్రం భుజం పక్కన నిలబడాలి (ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు), గుర్రాన్ని పట్టుకున్న మనిషి కూడా మనవైపే ఉండాలి, గాడిలో బొటనవేలు నొక్కాలి, సిర ఉబ్బడం చూడాలి, రెండో చేత్తో పైనుంచి మెల్లగా తట్టి ఆ కదలిక కింది వేలికి తెలుస్తోందో లేదో చూసుకోవాలి, వేలు తియ్యాలి. మళ్ళీ నొక్కాలి. ముసలి గుర్రం, కుర్ర గుర్రం, చలికాలం బొచ్చు దట్టంగా పెరిగినది, మెడ లావుగా ఉన్నది... ఇలా అన్నిటి మీదా. మాతో నేర్చుకుంటున్న ఒకాయనకి మూడో వారానికే విసుగొచ్చింది. 'ఇది నేర్చుకోవడమా, గుర్రానికి మాలిష్ చెయ్యడమా' అన్నాడు. ఆవిడ నవ్వి, 'కళ్ళు మూసుకుని కూడా సిర ఎక్కడుందో చెప్పగలిగితే సూది ఇస్తాను' అంది.

రెండో నెలలో రక్తం తియ్యడం. ఇక్కడ గుర్రాలకి ఏటా కాగిన్స్ టెస్ట్ అని ఒకటి చేయిస్తారు, దానికెలాగూ రక్తం కావాలి. ఆవిడ పక్కన నిలబడి మా చేత తీయించింది. మూడో నెలలో, నిజంగా మందు అవసరమైన గుర్రాలకి, ఆవిడ సమక్షంలో మాత్రమే, మందు.

ఈ వరస చూస్తే మనవాళ్ళకి ఏదో గుర్తు రావాలి. కొత్తగా చేరినవాడికి మొదటిరోజే ప్రొడక్షన్ డేటాబేసులో రైట్ యాక్సెస్ ఇస్తామా? ముందు రీడ్ యాక్సెస్ ఇస్తాం. రక్తం తియ్యడం రీడ్. చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా మహా అయితే మెడమీద చిన్న బొప్పి కడుతుంది, నొక్కి పట్టుకుంటే తగ్గుతుంది. మందు ఎక్కించడం రైట్. అదీ మామూలు రైట్ కాదు, రోల్ బ్యాక్ లేని రైట్. కండకి ఇచ్చిన మందు మెల్లగా పీల్చుకుంటుంది, కనీసం ఆలోచించుకోవడానికి కాస్త టైముంటుంది. సిరలోకి వెళ్ళింది వెళ్ళిపోయినట్టే. మనకైతే నిన్నటి బ్యాకప్ ఉంటుంది. గుర్రానికి నిన్నటి బ్యాకప్ లేదు.

ఇక సూది పెట్టే పద్ధతిలో ఉన్న చిన్న చిన్న విషయాలు. ఇవి వింటే చాదస్తంలా అనిపిస్తాయి కానీ, ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకి జవాబు.

సూదిని సిరంజికి తగిలించకుండా, విడిగా పెట్టమంటారు. ఎందుకు? వెనక సిరంజి లేకపోతే రక్తం ఎలా వస్తోందో కంటికి కనిపిస్తుంది. సిర రక్తం ముదురు రంగులో మెల్లగా కారుతుంది. ధమని రక్తం ఎర్రగా, గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్ముతుంది.

సన్న సూది వాడొద్దంటారు. కొత్తవాళ్ళందరూ జాలిపడి సన్నది తీసుకోబోతారు. సూదికి గేజు నెంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 25 గేజు సూదిలోంచి సిర రక్తమైనా ధమని రక్తమైనా ఒకేలా బొట్టు బొట్టుగా వస్తుంది, తేడా తెలియదు. 18 గేజు, 20 గేజు సూదిలో అయితే తెలుస్తుంది. అంటే కాస్త ఎక్కువ నొప్పి పెట్టే సూదే ఎక్కువ నిజం చెప్తుందన్నమాట. లాగులు తక్కువ పెడితే ప్రోగ్రాం వేగంగా నడుస్తుంది నిజమే, పోయినప్పుడు ఎందుకు పోయిందో తెలియదు.

సూది పూర్తిగా, మొదలుదాకా లోపలికి పెట్టమంటారు. సగం బయట ఉంటే గుర్రం తల తిప్పినప్పుడు జారిపోతుంది. సిరంజి తగిలించాక మళ్ళీ వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూడమంటారు, ఎందుకంటే తగిలించేటప్పుడే సూది కదిలి ఉండొచ్చు. మెల్లగా ఎక్కించమంటారు. సగంలో ఆపి మళ్ళీ ఒకసారి లాగి చూడమంటారు. చెయ్యి గుర్రం మెడకి ఆనించి ఉంచమంటారు, అది కదిలితే చెయ్యీ దాంతోపాటే కదిలేలాగ.

గమనించారా? ఇందులో నైపుణ్యం అనదగ్గది ఏమీ లేదు. ప్రతి అడుగూ ఒక చెక్. ప్రతి చెక్ దగ్గరా రెండే దారులు, ముందుకెళ్ళు లేదా సూది తీసెయ్యి. 'పర్లేదులే, ఇంతదాకా వచ్చాం కదా' అనే మూడో దారి లేదు.

కానీ మనిషి మనసు ఆ మూడో దారి వైపే లాగుతుంది. రాత్రి పదకొండు, గుర్రం కడుపునొప్పితో దొర్లుతోంది, యజమాని ఏడుస్తోంది, సూది ఒకసారి గుచ్చాం, రక్తం వచ్చీ రానట్టు వస్తోంది. తీసి మళ్ళీ గుచ్చితే గుర్రం బెదురుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు 'వీడికి రాదు' అనుకుంటారు. ఆ సమయంలో సిరంజి నొక్కెయ్యడానికి ఒక్క సెకను చాలు. పైగా పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు! అదే అసలు ప్రమాదం. ఏమీ కాని ప్రతిసారీ మనకి అది పద్ధతిలాగా అనిపించడం మొదలవుతుంది. టెస్టులు నడపకుండా శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేసి, ఏమీ కాక, మళ్ళీ వచ్చే శుక్రవారం కూడా అదే చేసేవాళ్ళని మనం చూడలేదా?

అందుకే మా డాక్టరు గారు ఒక నోటు పుస్తకం పెట్టించింది. అందులో ఎన్నిసార్లు సరిగ్గా ఇచ్చామో రాయక్కర్లేదు. ఎన్నిసార్లు ఇవ్వకుండా సూది తీసేశామో, ఎందుకు తీసేశామో రాయాలి. మూడో నెల చివర ఒకాయన పుస్తకం ఖాళీగా ఉంది. గర్వంగా చూపించాడు. 'మీకింకా నేర్పాలి' అందావిడ. 'ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదంటే మీరు చూడటం లేదని అర్థం.' నేను ఎనిమిదేళ్ళ చదువులోనూ ఉద్యోగంలోనూ విన్న మాటల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి గుర్తు రావడం లేదు.

ఇప్పుడు వాదనలకొద్దాం. ఈ విషయం మీద గుర్రాల వాళ్ళలో రెండు పక్షాలున్నాయి.

మొదటి పక్షం, 'డాక్టరు కానివాళ్ళు సిరలోకి సూది పెట్టనే కూడదు' అంటారు. వినడానికి బాగుంది. కానీ డాక్టర్లు ఏరీ? గుర్రాల డాక్టర్ల సంఘం అయిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఈక్వైన్ ప్రాక్టీషనర్స్ ఈ కొరత మీద 2022లో ప్రత్యేకంగా ఒక కమిషనే వేసుకుంది. కొత్తగా పశువైద్య పట్టా తీసుకునేవాళ్ళలో నేరుగా గుర్రాల వైద్యంలోకి వచ్చేవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరని, వచ్చినవాళ్ళలోనూ సగం మంది అయిదేళ్ళలో వదిలేస్తున్నారని ఆ సంఘమే చెప్పింది. పల్లెల్లో డాక్టరు వచ్చేదాకా గంటలు పడుతుంది. చట్టం కూడా అడ్డు లేదు. టెక్సాస్ లో యజమానీ, యజమాని నియమించుకున్న సంరక్షకుడూ ఆ జంతువుకి వైద్యం చేసుకోవచ్చు. కాబట్టి 'చెయ్యకూడదు' అని ఊరుకుంటే జనం చెయ్యకుండా ఉండరు. నేర్చుకోకుండా చేస్తారు, అంతే తేడా.

రెండో పక్షం, 'ఇందులో బ్రహ్మవిద్య ఏముంది, నాలుగు వీడియోలు చూస్తే వచ్చేస్తుంది' అంటారు. ముందే చెప్పాను కదా, గుచ్చడం నిజంగానే వచ్చేస్తుంది. వీడియోలో ప్రతిసారీ సూది సిరలోకే వెళ్తుంది, ఎందుకంటే వెళ్ళనివి ఎవరూ పెట్టరు. వీడియో మీ చెయ్యి పట్టుకుని 'ఆగు' అనదు.

ఈ రెండో పక్షం వాళ్ళు ఇంకోటి కూడా మర్చిపోతారు. సూది పెట్టడం వచ్చినంత మాత్రాన ఎప్పుడు పెట్టాలో వచ్చినట్టు కాదు. గుర్రానికి కడుపునొప్పి వస్తే ఫ్లూనిక్సిన్ ఇస్తారు, సిరలోకి ఇస్తే త్వరగా పనిచేస్తుంది. కానీ నొప్పి తగ్గిపోయి గుర్రం లేచి నిలబడితే, లోపల పేగు మెలిపడి ఉన్నా పైకి తెలియదు. ఆపరేషన్ కి తీసుకెళ్ళాల్సిన గంటలు అలా గడిచిపోతాయి. పోనీ భయమేస్తే కండకి ఇద్దామా? ఫ్లూనిక్సిన్ కండకి ఇచ్చిన చోట అరుదుగా భయంకరమైన ఇన్ఫెక్షన్ వచ్చి కండ కుళ్ళిపోతుంది, దానివల్ల చచ్చిపోయిన గుర్రాలున్నాయి. మరేం చెయ్యాలి? అదే మందు నోటికి రాసే పేస్టు రూపంలో దొరుకుతుంది! అన్నిసార్లూ అది చాలదు, కానీ డాక్టరుకి ఫోన్ చేసి 'పేస్టు ఇవ్వనా' అని అడగడానికి ఏ నైపుణ్యమూ అక్కర్లేదు. పెన్సిలిన్ లో ప్రొకైన్ కలిపినది ఉంటుంది, అది కండకి మాత్రమే. పొరపాటున సిరలోకి వెళ్తే గుర్రం పిచ్చెత్తినట్టు గోడలకి గుద్దుకుంటుంది. సీసా మీద పేరు చదవడం కూడా ఇంజెక్షన్ లో భాగమే మరి.

చెయ్యి ఎంత బాగా తిరిగినా చాలదనడానికి ఇంకో సాక్ష్యం చెప్తాను. 2009 ఏప్రిల్ లో ఫ్లోరిడాలోని వెల్లింగ్టన్ లో, పెద్ద పోలో పోటీకి ముందు, ఒకే జట్టుకి చెందిన 21 గుర్రాలు వరసగా కుప్పకూలి చచ్చిపోయాయి. వాటికి బలానికని ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మందు ఒక ఫార్మసీలో ప్రత్యేకంగా కలిపించింది. కలపడంలో సెలీనియం మోతాదు మించిపోయింది. అక్కడ సూది పెట్టినవాళ్ళ చేతిలో లోపం లేదు. మందులోనే విషముంది.

సూదిది కూడా ఇంకో కథ. గుర్రాలకి ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ ఎనీమియా అని ఒక వైరస్ జబ్బుంది. దానికి మందు లేదు. సోకిన గుర్రాన్ని చంపెయ్యాలి, లేదంటే బతికినంతకాలం మిగతావాటికి దూరంగా కట్టెయ్యాలి. మామూలుగా జోరీగల వల్ల పాకుతుంది. కానీ ఇటీవలి సంవత్సరాల్లో అమెరికాలో బయటపడ్డ కేసుల్లో ఎక్కువ భాగం క్వార్టర్ హార్స్ పందెపు గుర్రాల్లోనే, అదీ ఒకే సూదీ సిరంజీ నాలుగు గుర్రాలకి వాడటం వల్లే. పైన చెప్పానే కాగిన్స్ టెస్ట్, అది ఈ జబ్బు కోసమే. ఒక కొత్త సూది ధర ఎంతండీ? కొన్ని సెంట్లు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. హైదరాబాదు మలక్ పేటలో రేసుకోర్సు ఉంది, అక్కడి గుర్రాలకి డాక్టర్లున్నారు. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ముందు నిలబడే గుర్రాలకి? ఆ గుర్రం మీద ఆధారపడి బతికే మనిషికి డాక్టరు ఫీజు కన్నా మందుల షాపు దగ్గర. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం 1984 ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడే వైద్యం చెయ్యాలి, చిన్నచిన్న పనులు మాత్రం డిప్లొమా ఉన్నవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో చెయ్యొచ్చు. చట్టం బాగానే ఉంది. కానీ మన ఊళ్ళలో ఆరెంపీ దగ్గరకెళ్ళి 'మాత్రలొద్దు, సూదెయ్యండి' అని అడిగి మరీ వేయించుకునే అలవాటు మనుషులకే ఉంటే, పశువులకి ఉండదా?

ఇంకో సంబంధం కూడా ఉంది. పొలంలో పాము కరిస్తే ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు ఎక్కడిదనుకున్నారు? గుర్రాలకి పాము విషం కొద్దికొద్దిగా ఇచ్చి, వాటి ఒంట్లో విరుగుడు తయారయ్యాక, ఇదే జుగులర్ సిర నుంచి రక్తం తీసి తయారుచేస్తారు. మన రైతుల ప్రాణం నిలబెట్టే రక్తం వచ్చేది ఈ సిర నుంచే. దానిమీద చెయ్యి వేసేవాళ్ళు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని అడగడం అత్యాశేమీ కాదు.

మనదగ్గరే దీనికి ఒక మంచి నమూనా ఉంది. గోపాలమిత్రలు. ఊరి కుర్రాళ్ళకి ఆవులకీ గేదెలకీ కృత్రిమ గర్భధారణ చెయ్యడం నేర్పిస్తారు. పశువైద్యం మొత్తం నేర్పరు, ఒక పని నేర్పుతారు, దాని హద్దులతో సహా. నా మటుకు నాకు గుర్రం ఇంజెక్షన్ కి కూడా అదే దారి అనిపిస్తుంది. డాక్టరే నేర్పాలి. ఫలానా గుర్రానికి, ఫలానా మందు, ఫలానా సమయంలో, ముందు ఫోన్ చేశాక, అని హద్దు గీసి నేర్పాలి. రక్తం తియ్యడం బాగా వచ్చాకే మందు ముట్టుకోనివ్వాలి. ఆరు నెలలకోసారి మళ్ళీ చెయ్యి చూడాలి. గుర్రం తల ఎగరేస్తుంటే, వెలుతురు సరిగ్గా లేకపోతే, పట్టుకునే మనిషి లేకపోతే ఆ రోజుకి సూది పెట్టెలోనే ఉండాలి. వీటన్నిటికీ ముందు, సూది పెట్టకుండా వచ్చేసినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు.

ఆ చివరిదే అన్నిటికన్నా కష్టమైనది. గుచ్చినవాడికి శభాష్ అంటాం, తీసేసినవాడికి ఏమీ అనం. మన ఆఫీసుల్లోనూ అంతే కదా. రాత్రంతా కూర్చుని రిలీజ్ చేసినవాడికి మెయిల్లో మెచ్చుకోళ్ళు. 'ఇది ఈరోజు వద్దు' అని ఆపినవాడికి? వాడు ఆపడం వల్ల ఏ ఘోరం జరగలేదో ఎవరికీ కనిపించదు కాబట్టి, వాడు చేసిన పనీ ఎవరికీ కనిపించదు.

మీలో ఎవరైనా గుర్రాల జోలికి వెళ్తారో లేదో నాకు తెలియదు. వెళ్తే మాత్రం, నేర్పేవాళ్ళని మొదటిరోజే ఒక మాట అడగండి. 'మీరు చివరిసారి సూది గుచ్చి, మందు ఎక్కించకుండా తీసేసింది ఎప్పుడు?' అని. వెంటనే జవాబు చెప్పినవాళ్ళ దగ్గర నేర్చుకోండి. 'నాకెప్పుడూ ఆ అవసరం రాలేదు' అన్నవాళ్ళకి ఒక నమస్కారం పెట్టి ఇంకొకరిని వెతుక్కోండి.